లాంతరు ఆరిన మెట్టు

మా ఇంట్లో ఎవరూ పోట్లాడుకోరు. ఈ మాట మా చుట్టాలు నమ్మరు. ఫోనులో మా గొంతులు విన్నవాళ్లకి నేనూ మావారూ పందొమ్మిదేళ్లుగా ఒకరినొకరం కసురుకుంటూనే ఉన్నామనిపిస్తుంది. తప్పు మాది కాదు, ఆరు బ్లోయర్లది. ఊరి మురుగునీళ్లన్నీ వచ్చి చేరే శుద్ధి కేంద్రానికి మావారు ఇంజనీరు. ప్రహరీకి ఇవతల మా క్వార్టరు, అవతల బ్లోయర్ల షెడ్డు. ఆ ఆరూ హోరుమంటూ, చెరువంతేసి తొట్లలోకి అడుగు నుంచి గాలి ఊదుతూ ఉంటాయి. గాలి తగిలితేనే నీళ్లలోని సూక్ష్మజీవులు బతుకుతాయి. అవి బతికితేనే మురుగుని తింటాయి. గాలి ఆగిందంటే పూట తిరిగేలోపు ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది, ముక్కు ద్వారా.

కాబట్టి మా ఇంట్లో "కాఫీ కావాలా?" అన్న ప్రశ్న కూడా యుద్ధానికి పిలిచినట్టే ఉంటుంది.

నా పేరు మందాకిని. ఆకాశంలో పారే గంగ అని మా తాతగారు ఏరికోరి పెట్టారు. కాపురం మురుగు గట్టున వచ్చింది. మావారి పేరు ప్రభంజనరావు. ప్రభంజనమంటే పెనుగాలి. చేసేది గాలి ఊదే ఉద్యోగం. పెళ్లప్పుడు జాతకాలు కలవలేదని మా పిన్ని నానా యాగీ చేసింది గానీ, ఇంతకన్నా ఏం కలవాలో నాకు తెలియదు.

ఆ పెనుగాలిగారికి బ్లోయర్లంటే పడదు. కేంద్రం తినే కరెంటులో సగానికి పైగా ఈ ఊదుడుకే పోతుంది. ఆయన వచ్చిన కొత్తలో చిల్లుల గొట్టాలు తీయించి రబ్బరు పళ్లేలు వేయించారు. బుడగలు సన్నబడ్డాయి, కరెంటు కాస్త తగ్గింది. తరవాత బ్లోయర్లే మార్పించారు. ఇంకాస్త తగ్గింది. ఒకరోజు అన్నం తింటూ, "అసలు మనం ఎందుకు ఊదాలి? కావలసినవాళ్లు వచ్చి పీల్చుకోవచ్చుగా?" అని అరిచారు. అరిచారంటే మామూలుగానే అన్నారని అర్థం.

ఆ ప్రశ్న పట్టుకుని ఆయన ఉప్పుటేటి బురదలోంచి ఒక ప్రాణిని తెచ్చారు. కంటికి కనపడనంత చిన్న జీవులు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి దారంలా అతుక్కుంటాయి. కింది కొస బురదలో ఉండి తింటుంది. పై కొస గాలికి తగిలి ఊపిరి పీలుస్తుంది. ఆ ఊపిరి దారం పొడుగునా కిందిదాకా అందుతుంది.

"నోరు కింద, ముక్కు పైన. మధ్యలో అంతా మెడే," అన్నాను.

"ఈ ముక్క నేను రెండు నెలలు చదివితే గానీ అర్థం కాలేదు," అన్నారాయన, కొంచెం చిన్నబుచ్చుకుని.

ఏట్లో ఆ మెడ అంగుళం దాటదట. దాన్ని రెండు బారల పొడుగు చేస్తే బ్లోయర్లతో పనే ఉండదని ఈయన పట్టుదల. ల్యాబ్‌లో పదకొండు నెలలు పెంచారు. ఒక తొట్టిలో బాగానే ఎదిగేది, రెండో తొట్టిలోకి మార్చగానే చచ్చేది. చివరికి ల్యాబ్‌వాళ్లు విసుక్కుంటే మా పెరటి వరండాలోకి టబ్బులు దిగాయి. అక్కడ కూడా అదే చావు. ఓ ఆదివారం పొద్దున ఆయన టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఉంటే చూడలేక అడిగాను.

"గిన్నె కడుగుతున్నారా?"

"కడగకపోతే ఎలా? స్టెరిలైజ్ చేస్తున్నాం."

"అదే మీ రోగం. పాత పెరుగు ఒక చెంచా అడుగున ఉంచి, దాని మీద గోరువెచ్చటి పాలు పోయాలి. పోశాక కదపకూడదు. మాటిమాటికీ మూత తీసి తోడుకుందా లేదా అని చూడకూడదు. మీరు గంటకోసారి వేలు పెడుతున్నారు."

ఆయన నవ్వలేదు. నోటుబుక్కు తెచ్చుకుని రాసుకున్నారు. నాకూ ఊపొచ్చి, మా అమ్మ చెప్పిన తోడు ధర్మాలన్నీ అప్పజెప్పాను. అడిగినవాళ్లకి తోడు లేదనకూడదు. ఇచ్చేటప్పుడు గిన్నె ఖాళీ చేయకూడదు. ఎంత చుట్టమైనా సరే, మన కోసం ఒక చెంచా మిగుల్చుకోవాలి. 

వారం తిరక్కుండా టబ్బులో అది పట్టుకుంది. రెండో వారానికి నీళ్లలోంచి నల్లగా, నిగనిగలాడుతూ, అంచు దాటి కిందికి వేలాడింది. మా అమ్మాయి లహరి చూసి, "ఛీ, ఎవరిదో జడ కోసి పడేసినట్టుంది," అంది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు జడ. ఆ మాట అన్న పిల్లకి మాత్రం జడ లేదు. మందారాకూ మెంతులూ వేసి నేను కాచే తలనూనె మా పుట్టింటి వైపు పదిళ్లకి వెళ్తుంది. ఆ నూనెతో పదిహేడేళ్లు పెంచిన జుట్టుని ఇంటర్ సెకండియర్లో చేరిన రోజే మెడ పైదాకా కత్తిరించుకొచ్చింది.

మావారి పరిశోధన పత్రంలో నా పేరు రాలేదు. అప్పట్లో కొంచెం మండింది. ఇప్పుడు తలుచుకుంటే అదే నయమనిపిస్తోంది.

*

జడ పెద్ద తొట్లన్నిట్లోనూ పట్టుకున్నాక, జూన్ నెలలో ఓ మంగళవారం పదకొండింటికి ఆరు బ్లోయర్లూ ఆపేశారు.

నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. ఉన్నట్టుండి పోపు చప్పుడు ఎంత పెద్దదో తెలిసింది. ఫ్యాను కిర్రుమంటోందని, కుళాయి కారుతోందని, లహరి పుస్తకం తెరిచి సినిమా పాట గొణుక్కుంటోందని, అన్నీ ఒక్కసారే తెలిశాయి. ఆ మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తే, మావారు గురక పెడతారని పందొమ్మిదేళ్ల తరవాత మొదటిసారి విన్నాను.

పెరటి గుమ్మంలో గవరయ్య వచ్చి కూర్చున్నాడు. బ్లోయర్ల షెడ్డులో ఇరవయ్యారేళ్ల ఆపరేటరు. రోజూ ఆ వేళకి మా ఇంట్లో మజ్జిగ తాగి వెళ్తాడు. అతని స్టీలు గ్లాసు మా అల్మారాలోనే ఉంటుంది. బ్లోయరు గొంతు మారితే ఏ బేరింగు పోయిందో మంచంలోంచే చెప్పగల మనిషి. ఆ రోజు గ్లాసు చేతిలో పెట్టుకుని చాలాసేపు తాగలేదు.

"ఏం గవరయ్యా, చెవులకి విశ్రాంతి దొరికిందా?" అన్నాను.

"ఇస్రాంతి కాదమ్మగోరూ. పక్కనోడి ఊపిరి ఆగిపోయినట్టుంది."

"నీళ్లు బాగానే ఉన్నాయిట. వాసన కూడా లేదు, చూడు."

"ఔనమ్మా. అదే బయిమేస్తంది. మురుక్కి వాసనుండాల గదా."

బ్లోయర్లు లేకపోతే ఆపరేటర్లతో పని లేదు. కుర్రవాళ్లని వేరే చోట్లకి పంపారు. రిటైరవడానికి ఏడు నెలలున్న గవరయ్యకి వాల్వు గుంట అప్పజెప్పారు. తొట్ల పక్కన భూమిలోకి పది మెట్లు దిగే సిమెంటు గది అది, పైన స్లాబు, ఓ మనిషి పట్టే కంత. గోడ సందుల్లోంచి జడ ఆ గదిలోకి పాకి, వాల్వు చక్రానికి చుట్టుకునేది. సోమవారం సోమవారం దిగి, పొడుగాటి కొక్కెంతో దాన్ని లాగి పారేయాలి.

ఆ మొదటి సోమవారమే రభస అయింది. గవరయ్య గుంటలోకి దిగే ముందు తాడుకి లాంతరు కట్టి వెలిగించి కిందికి వదిలాడు. కుర్రతనంలో అతను మేన్‌హోళ్లలో దిగేవాడు. తమ్ముడు కూడా. ఓ రోజు తొందరలో లాంతరు వదలకుండా దిగిన తమ్ముడు మళ్లీ పైకి రాలేదు. అప్పటి నుంచి గవరయ్య దీపం ఆరకుండా వెళ్లి వచ్చిన చోటికే తాను వెళ్తాడు.

మావారు చూసి హడలిపోయారు. "మురుగు గుంటలో మంటా? గ్యాసు ఉంటే అందరం ఎగిరిపోతాం గవరయ్యా!"

అదీ నిజమే. రూలు కూడా అదే. లాంతరు లాక్కుని, నడుముకి పెట్టుకునే మీటరు ఇచ్చారు. విషవాయువుంటే కూస్తుంది, మండే గ్యాసుంటే కూస్తుంది. ఆక్సిజన్ గడిలో మాత్రం ఎప్పుడూ రెండు గీతలే. లోపలి సెల్లు ఆయుష్షు తీరిందట. కొత్తదాని కోసం ఇండెంటు పెట్టారట. ఆ ఇండెంటు ఏ బల్ల మీద పడుకుని ఉందో దానికే తెలియాలి.

ఇంట్లోకి తెచ్చి మూల పడేసిన లాంతరుని నేను బట్టల సబ్బు సంచిలో పెట్టి, పెరట్లో వాషింగ్ మెషీను వెనక దాచాను. సోమవారాలు గవరయ్య మజ్జిగ తాగి, సంచి పట్టుకుపోయి, మళ్లీ తెచ్చి అక్కడే పెట్టేవాడు. మావారికి తెలియదు. పందొమ్మిదేళ్ల కాపురంలో ఇలాంటి చిన్న చిన్న ఏర్పాట్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

*

జులై మొదటి సోమవారం గవరయ్య సంచి తెచ్చి ఇస్తూ, "దీపం పదో మెట్టుకాడ కునికిందమ్మా," అన్నాడు.

తరవాతి సోమవారం ఎనిమిదో మెట్టు దగ్గర ఆరింది. ఆ తరవాత ఏడు. ఆగస్టులో అయిదు.

"మీటరేమంటోంది?"

"దానికేటి తెల్సు. పచ్చ లైటెట్టుకుని పెళ్లికొడుకునాగ ఊరుకుంటది."

ఆ రోజు అన్నాలప్పుడు మావారి దగ్గర కదిపాను, లాంతరు సంగతి కూడా ఒప్పేసుకుని. ఆయనకి కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది.

"లాంతరు కాలిబ్రేషన్ చేయించావా, మందాకినీ?"

"మీ మీటరుకి చేయించారా?"

చెయ్యి కడుక్కోబోయినవారు కూర్చున్నారు. "చూడు. ఆక్సిజన్ పీల్చుకోవడమే కదా జడ పని. గాలి ఎంతుంది, అది ఎంత పీలుస్తుంది? సముద్రంలోంచి చెంచాడు తీసినట్టు."

"గుంట సముద్రం కాదండీ. మూత ఉన్న గిన్నె."

మర్నాడు ఆయన ఇండెంటు మీద 'అత్యవసరం' అని మళ్లీ రాసి పంపారని తరవాత తెలిసింది. జడని ఆపాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? అప్పటికి పేపర్లో ఫొటో పడింది. ఏడు ఊళ్ల నుంచి మాకూ ఇవ్వండి, మాకూ ఇవ్వండి అని ఉత్తరాలు వచ్చాయి.

ఆ వారమే ఇంకో చిన్న విషయం జరిగింది. చిన్నదనే అనుకున్నాను. బాత్రూంలో నీళ్లు నిలుస్తుంటే జాలీ ఎత్తి చూశాను. గుప్పెడు జుట్టు.

"లహరీ! తల దువ్వుకున్న జుట్టు జాలీలో వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"నాది కాదమ్మా. నీ జుట్టే అయ్యుంటుంది."

"నాదెందుకు ఊడుతుంది? నా నూనె నేను రాసుకుంటాను."

"అబ్బా, ఏదో ఒకటి. అమ్మా, ఈ మధ్య స్నానానికి వెళ్తే నిద్రొస్తోంది తెలుసా? నిన్న బకెట్టు మీద తల ఆనించి అలాగే ఉండిపోయాను."

"కెమిస్ట్రీ పుస్తకం చూసినా నీకంతేగా," అని ఆ జుట్టుని చెత్తబుట్టలో పడేసి చేతులు కడుక్కున్నాను. బీఎస్సీలో నా మెయిన్ సబ్జెక్టు కూడా కెమిస్ట్రీయే.

*

ఏడు ఊళ్ల ఇంజనీర్లు ఒకేసారి వచ్చారు. సోమవారం. ఏడు జీపులు, జడ పట్టుకెళ్లడానికి ఏడు నీలం డబ్బాలు. మా వరండాలో కుర్చీలు వేసి ఇరవై మందికి ఉప్మా చేశాను. మావారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఆ మనిషి ముఖంలో అంత వెలుగు లహరి పుట్టిన రోజున చూశాను, మళ్లీ ఆ రోజే.

పెరటి గుమ్మం దగ్గర గవరయ్య దగ్గాడు.

"అమ్మగోరూ, సంచి."

నేను వరండా వైపు చూశాను. పెరట్లోంచి గుంట దాకా దారి ఆ వరండా ముందు నుంచే. ఏడు ఊళ్ల ఇంజనీర్లు, వాళ్ల ఎదుట మావారు ఇరవై నిమిషాలుగా కొత్త కాలం గురించి చెబుతున్నారు. వాళ్ల ముందు నుంచి వెలుగుతున్న లాంతరు ఊరేగడం నా కళ్లకి కట్టింది. ఎవరో ఒకరు నవ్వుతారు. ఈయన ముఖం చిన్నబోతుంది.

"ఈ ఒక్క పూటకీ వద్దులే గవరయ్యా. సారు పరువు పోతుంది," అన్నాను.

అతను కొక్కెం భుజాన వేసుకున్నాడు. "పోన్లెండమ్మా. పోయిన సోమారం అయిదో మెట్టుకాడ గదా ఆరినాది. నాను రెండో మెట్టు దాటను. పైనుంచే కొక్కేనికి అందినంత లాగేత్తాను."

"మజ్జిగ తాగి వెళ్లు."

"వొచ్చి తాగుతానమ్మా. ముందు సుట్టాల్ని అంపించాల గదా."

గుంట దగ్గర గవరయ్య లాగిన జడతో ఒక్కో డబ్బా నిండుతుంటే ఒక్కో జీపు కదిలింది. దూరం వెళ్లాల్సినవాళ్లు, ఆగలేదు. మావారు ప్రతివాళ్లకీ నోటుబుక్కు చూసి మరీ చెప్పి పంపారు. తొట్టి కడక్కండి. కదపకండి. కొంచెం ఎప్పుడూ విడిగా ఉంచుకోండి. నా మాటలు ఆయన నోట ఏడుసార్లు వింటూ వంటింట్లో మురిసిపోయాను. కాదు, ఆరుసార్లు.

ఏడో ఊరి ఇంజనీరు రెండోసారి ఉప్మా పెట్టించుకుని తిన్నాడు, కాఫీ తాగాడు. గడియారం చూసుకుని, "మా డబ్బా ఇంకా రాలేదేంటండీ?" అన్నాడు.

మావారు నా వైపు చూశారు. నేను పెరట్లోకి పరిగెత్తాను. వాషింగ్ మెషీను వెనక సంచి ఉంది. దాన్ని తీసి, మూడు పుల్లలు పాడుచేసి లాంతరు వెలిగించి, అందరి ముందు నుంచీ గుంట దాకా పట్టుకెళ్లాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మావారు అప్పటికే కంతలో కాలు పెట్టేశారు. ఇద్దరు పనివాళ్లు ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నారు. నేను తాడు వదిలాను. మొదటి మెట్టు దగ్గర దీపం బాగానే ఉంది. రెండో మెట్టు దగ్గర నీలంగా చిన్నదయింది. మూడో మెట్టు చేరగానే ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది.

ఆరే ముందు ఆ వెలుగులో గవరయ్య కనిపించాడు. మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మధ్య నీలం డబ్బా, తల గోడకి ఆనించి. మజ్జిగ కోసం మా గుమ్మంలో ఎలా కూర్చునేవాడో అలాగే. ఆరు డబ్బాలకి సరిపడా జడ రెండో మెట్టు మీంచే అందింది. ఏడోదానికి ఒక్క మెట్టు దిగాడు. నడుముకి మీటరు పచ్చగా వెలుగుతోంది. అక్కడ విషమేమీ లేదు మరి. ఉండాల్సినది లేదు, అంతే.

"బ్లోయర్లు వేయండ్రా!" అని మావారు అరిచారు. ఈసారి అది అరుపే. గొట్టాలు తెచ్చి గుంటలోకి గాలి ఊది, లాంతరు పదో మెట్టు దాకా వెలిగాక మావారే దిగి గవరయ్యని పైకి తెచ్చారు. నలభై నిమిషాలు పట్టింది.

డాక్టరు మావారికి చెప్పాడట. ఇలాంటి చోట ఊపిరాడనట్టు కూడా తెలియదు, దగ్గు రాదు, మంట పుట్టదు, నిద్ర వచ్చినట్టు ఉంటుంది అని. కాగితంలో మాత్రం గుండెపోటు అని పడింది. అది తప్పని మావారు వేరే ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఇండెంటు పక్కన పడుకుని ఉంటుంది.

గవరయ్య గ్లాసు కడిగి అల్మారాలో బోర్లించాను. మళ్లీ ఎత్తలేదు.

*

ఎనిమిది రోజులు తొట్లలోకి క్లోరిన్ వదిలారు. నల్లటి జడ బూడిదరంగుకి తిరిగి, ముద్దలు ముద్దలుగా తేలింది. ఎండబెట్టి తగలబెట్టించారు. బ్లోయర్లు మళ్లీ హోరెత్తాయి. మేమూ మళ్లీ అరుచుకోవడం మొదలుపెట్టాం. కానీ మునుపటిలా కాదు. ఆయన ఏదడిగినా నేను 'వినపడలేదు' అనడం నేర్చుకున్నాను.

తొమ్మిదో రోజు మా బాత్రూంలో మళ్లీ నీళ్లు నిలిచాయి. జాలీ ఎత్తాను. జుట్టు. ఈసారి బూడిదరంగు.

దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మూర పొడుగుంది. ఇంట్లో ఎవరి జుట్టు మూర పొడుగుంది? నాది భుజాలు దాటదు. లహరిది మెడే దాటదు.

"ఏమండీ," అన్నాను, మామూలు గొంతుతో. అంత హోరులోనూ ఆయనకి వినపడింది.

వచ్చి మోకాళ్ల మీద కూర్చుని లాగారు. వచ్చింది. ఇంకా లాగారు. ఇంకా వచ్చింది. ఉండగా చుట్టి పక్కన పెడుతూ లాగుతూనే ఉన్నారు. గుంటకీ మా బాత్రూంకీ మధ్య అరవై గజాలు. మా ఇంటి మురుగు గొట్టం వెళ్లి ఆ తొట్లలోనే కలుస్తుంది. గుంటలో గాలి అయిపోయాక దానికి ముక్కు పెట్టుకునేందుకు కొత్త చోటు కావాలి. తలుపు వేసి, గడియ పెట్టుకుని, కిటికీ మూసుకుని మనుషులు ఊపిరి తీసుకునే గది దొరికింది. అరగంటసేపు పాటలు పాడుకుంటూ తలస్నానం చేసే పిల్ల దొరికింది.

"బకెట్టు మీద తల ఆనించి," అన్నాన్నేను. ఆయన ఆ బూడిదరంగు చుట్ట మీద చేతులు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. నేను ఓదార్చలేదు. వెళ్లి కిటికీ తెరిచాను.

అప్పుడే ఆరు ఊళ్లకీ ఫోన్లు చేశారు. చంపేయండి, ఒక్క పోగు కూడా ఉంచొద్దు, క్లోరిన్ పోయండి అని. ఆరుగురూ "అయ్యో సార్, మీరు చెప్పాక ఇంకా ఉంచుతామా, ఇవాళే తీసేస్తాం," అన్నారు. రెండ్రోజుల్లో ఆరుగురూ "తీసేశాం సార్," అన్నారు. మావారు నోటుబుక్కులో ఆరు టిక్కులు పెట్టుకుని, గవరయ్య పోయాక మొదటిసారి కడుపునిండా తిన్నారు.

నేనూ నమ్మాను. ఉసిరికాయ పచ్చడి కోసం ఫ్రిజ్‌లో వెనకదాకా చెయ్యి పెట్టిన రోజు వరకూ.

పచ్చడి జాడీ వెనక, గుడ్డ చుట్టి, చిన్న హార్లిక్సు సీసా. అడుగున రెండు వేళ్ల మందం బురద, పైన నల్లగా, మూతని లోపలి నుంచి తాకుతూ, నిగనిగలాడుతూ జడ.

సీసా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను.

"ఒక్క చెంచానే, మందాకినీ," అన్నారాయన, తల ఎత్తకుండా. "చల్లటి చోట నిద్రపోతుంది. ఏమీ చెయ్యదు. పదకొండు నెలల కష్టం... మొత్తం లేకుండా చేయడానికి చెయ్యి రాలేదు. ఎప్పుడైనా, సరిగ్గా అర్థం చేసుకున్నాక..."

నేను తిట్టలేదు. తిట్టడానికి ముఖం ఏదీ? గిన్నె ఖాళీ చేయకూడదని చెప్పింది ఎవరు? పెద్ద గిన్నెలో నీళ్లు సలసలా మరిగించి సీసా అందులో ముంచాను. నల్లటిది బూడిదరంగయ్యేదాకా పక్కనే నిలబడ్డాను. తరవాత చేతులు తుడుచుకుని అడిగాను.

"గవరయ్యని చేతులారా పైకి తెచ్చిన మీరే ఒక చెంచా దాచారు. గవరయ్య ఎవరో కూడా తెలియని ఆ ఆరుగురూ ఎన్ని దాచి ఉంటారు?"

ఆయన కంచం ముందు నుంచి లేచి ఫోను తీశారు. మొదటి ఊరి ఇంజనీరు కాసేపు నీళ్లు నమిలి, "మీరన్నట్టే తొట్టి మొత్తం తీసేశాం సార్. కాకపోతే కొంచెం విడిగా ఉంచుకోమని మీరే చెప్పారు కదా, దాన్ని చిన్న తొట్టిలో..." అన్నాడు. రెండో ఊరివాడు ఎత్తలేదు. మూడో ఊరివాడు తన దగ్గర లేదన్నాడు, పక్క జిల్లావాళ్లు అడిగితే కాదనలేక ఇచ్చేశానన్నాడు. ఇవ్వబోయే ముందు కొంచెం మిగుల్చుకున్నావా అని మావారు అడగలేదు. అడగక్కర్లేదు.

ఇది జరిగి మూడు వారాలు. మావారు సెలవు పెట్టి ఊరూరూ తిరుగుతున్నారు. వెళ్లిన చోటల్లా ముందు ఓ కాఫీ ఇచ్చి, తరవాత వింతగా చూస్తున్నారట. ఇక్కడ నేను రోజూ పొద్దున్నే ప్రమిద వెలిగించి బాత్రూంలో జాలీ పక్కన పెడుతున్నాను. అది నిమిషంపాటు నిటారుగా వెలిగాకే లహరి లోపలికి వెళ్తుంది, గడియ పెట్టకుండా. పక్క క్వార్టరావిడ చూసి, "దేవుడి గది చాల్లేదా వదినగారూ?" అని నవ్వింది. నవ్వనివ్వండి.

ఇందాక, మధ్యాహ్నం, చింతలరేవు నుంచి మా వదిన ఫోను చేసింది. మా అన్నయ్య భార్య. రెండో జీపు వెళ్లిన ఊరు అది.

"ఏమే మందాకినీ, ఆ గోల ఏంటి, మళ్లీ వేసేశారా మీ గాలి మిషన్లు? మా దగ్గర అవన్నీ ఆపేశారట, కాలవ గట్టున ఎంత హాయిగా ఉందో! సరే గానీ, నాకు ఓ పెద్ద సీసా తలనూనె పంపించవే. మా చిన్నదాని జుట్టు తెగ ఊడిపోతోంది."

నేను రెండో చెవి మూసుకున్నాను. "ఎంత ఊడుతోంది వదినా?"

"ఎంతేమిటే, బాత్రూం జాలీ నిండా గుప్పెళ్లు గుప్పెళ్లు! ఇంత పొడుగు. తల మీద చూస్తే ఒత్తుగానే ఉంటుంది, ఎక్కణ్నుంచి ఊడుతోందో అంతుపట్టదు. పైగా ఏంటో నీరసం. స్నానానికి వెళ్తే నిద్రొస్తోంది అత్తా అని నీతో చెప్పమంది."

"పిల్ల ఎక్కడుంది ఇప్పుడు?"

"తలంటుకుంటోంది. ముప్పావుగంట అయింది వెళ్లి, ఈ కాలం పిల్లలు..."

"వదినా. తలుపు కొట్టు."

"ఏమైందే?"

"ఫోను పెట్టకు. వెళ్లి తలుపు కొట్టు."

అడుగుల చప్పుడు. "చిన్నీ!" అని వదిన గొంతు. తలుపు మీద రెండు దెబ్బలు. మళ్లీ నాలుగు.

ఇటు మా బ్లోయర్ల హోరు. అటు తలుపు చప్పుడు. ఇంకే చప్పుడైనా వినపడుతుందేమోనని ఫోను చెవికి అదుముకుని నిలబడ్డాను.